మెత్తటి చీర ముక్క

నేను పాండేసరలో చీరల మిల్లులో పనిచేస్తాను. పోయినేడు మా ఊరి మల్లేశన్నకు తాపీ నది ఒడ్డున చెక్క పడవకు వార్నిష్ కొట్టే పని దొరికితే సాయం పోయాను. మిల్లు నుంచి తెచ్చిన మెత్తటి చీర ముక్కలతో చెక్కంతా నేనే తుడిచాను. వార్నిష్ పూయగానే చేపకళ్లలాంటి గుంటలు పడ్డాయి.

“దుమ్ముంది, జర మంచిగ తుడువు తమ్మీ!” అన్నాడన్న. గీకి, తుడిచి, మళ్లీ పూశాం. గుంటలు ఇంకా పెరిగాయి! పడవ యజమాని చూసి, పని వేరేవాళ్లకు ఇస్తానన్నాడు.

“నా చెయ్యే మంచిగ లేదురా” అంటూ అన్న కూలబడ్డాడు.

మర్నాడు మిల్లులో మందు కలుపుతుంటే తట్టింది. చీరలు మెత్తబడటానికి నేను వేసే సిలికాన్ మందే ఆ ముక్కల్లోంచి చెక్కకు అంటింది. అది ఉన్నచోట వార్నిష్ నిలవదు.

అన్న మళ్లీ పడవ ముట్టలేదు. నిజం చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అన్న పత్రికలు చదవడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.