స్టవ్ వెనక గోడ

ట్రాయ్‌లో మా ఇంటికి మాకు ముందు ముగ్గురు యజమానులు. మొదటి ఆయన రిటైరయ్యాక హాల్లోనే కూర్చుని సిగరెట్లు తాగాడట. వాల్‌పేపర్ తడిపి పీకితే డికాషన్‌లాంటి నీళ్లు కారాయి. రెండో ఆవిడ పిల్లుల్ని పెంచింది. పాడైన కార్పెట్ తీయకుండా దాని మీదే ఇంకోటి పరిపించింది. ముసురు పట్టిన రోజున ఆ పిల్లులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయనిపించేది. మూడో ఆయన మనవాడే, తెలుగాయన. వంటగదంతా కొత్తగా చేయించాడు. ఆ మెరిసే టైల్స్ చూసి కొన్నాం.

కొన్న కొన్నాళ్లకే వంటగదిలో మక్కిన నూనె వాసన మొదలైంది. సాంబ్రాణి వేసినా పోలేదు.

నా భార్యకు దేశానికి అటు చివర బాతెల్‌లో ఉద్యోగం వచ్చింది. ఇది అమ్ముడైతేనే అక్కడ ఇల్లు కొనగలం. ప్రకటనలో పెట్టడానికి ప్లాన్ గీద్దామని నేను గదులు కొలిచాను. లోపలి కొలతలూ గోడల మందమూ కలిపితే బయటి కొలతకు పద్నాలుగు అంగుళాలు తక్కువ. మళ్లీ కొలిచినా అంతే. ఆ తేడా స్టవ్ వెనకాల ఉంది.

గోడ కోశాను. బయటి గోడకు ముందు ఇంకో గోడ కట్టి, పొగగొట్టాన్ని బయటికి తీయకుండా ఆ మధ్య ఖాళీలో వదిలేశారు. ఏళ్ల తరబడి పెట్టిన పోపులు, వేయించిన చేపలు అక్కడ సాగే జిడ్డుగా పేరుకున్నాయి. అందులో అతుక్కుపోయి ఎలుకలు, కొన్ని తోలు మాత్రమే.

చేతులు కడుక్కుని ఆ మూడో ఆయనకు ఫోన్ చేశాను.

"వాస్తు అన్నా," అన్నాడు తాపీగా. "స్టవ్ ఆగ్నేయంల ఉండాలె, ఆ మూలకు కన్నం మాత్రం పడొద్దన్నడు పంతులు. వీడియో కాల్‌ల చూసి చెప్పిండు."

"మరి పొగ ఎటు పోవాలి?"

"అది పంతులు చెప్పలే. మళ్ల డ్రైవాల్ పలక కొట్టి పెయింట్ వేయించన్నా. నేను గట్లనే అమ్మిన గదా."

ఎలుకలే నయమనిపించింది.

"మూసేద్దామండీ," అంది నా భార్య, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని. "ఇది చూపిస్తే ఎవరు కొంటారు?"

"చూపించకపోతే నువ్వు కొంటావా?"

ఆమె కిటికీ తెరిచింది.

తెలిసినవాళ్ల ద్వారా విని కొంటామన్న కుర్ర జంట మర్నాడు వచ్చింది. గోడ తెరిచే ఉంచాను. ఆ అమ్మాయి వరండాలోకి పరుగెత్తింది. కుర్రాడు వంగి చూశాడు.

"అంకుల్, మీరు క్లీన్ చేసి క్లోజ్ చేసేస్తే మేం తీసుకుంటాం. ఆ కార్నర్‌లో హోల్ మాత్రం పెట్టించకండి. మా అత్తగారికి వాస్తు సెంటిమెంట్."

"బాబూ, మీరు వేరే ఇల్లు చూసుకోండి," అన్నాను.

నా భార్య ఆ నెలలోనే ఒక్కతే బాతెల్ వెళ్లి గది అద్దెకు తీసుకుంది. నాతో ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతోంది. మనిషిని పెట్టి బయటి గోడకు కన్నం కొట్టించాను. మిగిలిన జిడ్డు గరిటెతో గీకుతున్నాను. తిండి బయటే తింటున్నాను.