అరక్సీ టేపులో రెండో గొంతు

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో కాలిఫోర్నియాలో భాషాశాస్త్రం చదువుతుండేదాన్ని. ఫ్రెస్నోలో అరక్సీ అనే ఆర్మీనియన్ పెద్దావిడ ఉండేది. ఆవిడ పుట్టిన కొండ ఊరి మాండలికం మాట్లాడేవాళ్లు మాకు తెలిసి ఆ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదు. ఆ మాటలు రికార్డు చేసే పని ప్రొఫెసర్ నాకూ, నా క్లాస్‌మేట్ సుధకూ అప్పగించారు.

సుధను చూస్తే ఆవిడకు ప్రాణం లేచొచ్చేది. పాటలు, తిట్లు, పెళ్లి కబుర్లు అన్నీ సుధకే. నేను అడిగితే "మర్చిపోయానమ్మా" అని కాఫీ చేతిలో పెట్టేది. తిరుగు ప్రయాణంలో సుధ డ్రైవ్ చేస్తూ ఆ మాటలు వల్లె వేస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు సుధకు జ్వరమొచ్చింది. నేనొక్కదాన్నే వెళ్లాను. ఆ మధ్యాహ్నం అరక్సీ ఎందుకో తనంతట తానే నోరు విప్పింది. మధ్యమధ్య ఆగి, నా భుజం మీదుగా చూసి, మళ్లీ అందుకునేది. ఇంట్లో మేమిద్దరమే. రేడియో లేదు. క్యాసెట్ కొత్తది, కవరు నేనే విప్పాను. ఇది విన్నాక సుధ ముఖం ఎలా ఉంటుందో చూడాలని పొంగిపోయాను.

మర్నాడు ల్యాబ్‌లో ఇద్దరం విన్నాం. అరక్సీ ఆగిన చోటల్లా ఇంకో ఆడగొంతు, అదే మాండలికంలో, జవాబిస్తోంది.

సుధ హెడ్‌ఫోన్స్ తీసేసింది. "ఎవరే ఈవిడ? ఆ మాండలికం మాట్లాడే ఇంకో మనిషి దొరికితే నాకు చెప్పకుండా దాచావా?"

"ఒట్టు, ఎవరూ లేరే."

తను నమ్మలేదు. సుధ నన్ను చూసి కుళ్లుకోవడం అదే మొదటిసారి. భయం కన్నా ముందు నాకు కలిగింది సంతోషమే.

ఇద్దరం టేప్ పట్టుకుని అరక్సీ దగ్గరికి వెళ్లాం. కాస్త వినగానే ఆవిడ ముఖం పాలిపోయింది.

"మా అక్క. మేం అమెరికా ఓడ ఎక్కకముందే పోయింది" అంది ఇంగ్లిష్‌లో.

"ఏమంటోంది?" అని అడిగింది సుధ.

"నాతో మాట్లాడుకోవాల్సిన మాటలు వీళ్లకెందుకిస్తున్నావంటోంది. చిన్నప్పుడూ అంతే. నేనెవరితో కబుర్లాడినా ఓర్చుకునేది కాదు."

ఆ తర్వాత ఆవిడ మాతో ఆ మాండలికంలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఎంత బతిమాలినా నవ్వి ఊరుకునేది.

చివరిసారి వెళ్లినప్పుడు, మేం గుమ్మం దాటగానే లోపల ఆ భాషే మొదలైంది. ఆవిడ మాట్లాడుతోంది, ఆగుతోంది, పకపకా నవ్వుతోంది. మేం మెట్ల మీదే నిలబడిపోయాం. అవతలి గొంతు మాకు వినపడలేదు.

అక్కడ ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో, నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఆ క్షణాన మాత్రం, ఆ ఉన్నదెవరో గానీ, ఆ మనిషి మీద నాకు పట్టరాని అసూయ కలిగింది.