విశాఖకు గంటా పావు

మా చిన్నప్పుడు... లాలాగూడ రైల్వే క్వార్టర్సులో ఓ పొద్దున మా తలుపు తట్టి టెలిగ్రాం ఇచ్చారు. విశాఖపట్నంలో అమ్మమ్మ పోయిందని.

నాన్న వర్క్‌షాపులో పనిచేసేవారు. రైలు పాసు రాయించుకురావడానికి ఆఫీసుకు పరుగెత్తారు. పక్కింటి అత్తయ్య పులిహోర కలిపి స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. మధ్యాహ్నం బండి ఎక్కాం.

బండి కదలగానే అమ్మ కిటికీ వైపు తిరిగి ఏడుపు మొదలుపెట్టింది. అక్కా నేనూ బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నాం.

నాన్న మెల్లగా అన్నారు, "బెజవాడ దాకా అమ్మను ఏం అడగకుండ్రి... ఏడ్వనియ్యుండ్రి. ఆకలైతే నాకు చెప్పుండ్రి."

మా క్వార్టర్సులో అందరూ దూరాన్ని స్టేషన్లతోనే కొలిచేవారు... దుఃఖాన్ని కూడా.

కాజీపేట పోయింది, ఖమ్మం పోయింది. అమ్మ ఏడుస్తూనే ఉంది. బెజవాడలో లేచి మొహం కడుక్కుని, మాకు పులిహోర పెట్టి, "మా అమ్మకి మంచి చీర కట్టారో లేదో" అంది. పొద్దున్నే ఊరు చేరాక పనులన్నీ తనే చూసుకుంది. మా కోసం మావయ్యలు సమాధి చెయ్యకుండా ఆగారు. దూరం నుంచి వచ్చేవాళ్ల కోసం ఆగడం అప్పట్లో మామూలే...

పెద్దయ్యాక అక్కను విశాఖలోనే ఇచ్చారు. పోయిన నెల అక్క పోయింది. పొద్దున్నే బావగారు ఫోన్ చేశారు. "నాలుగింటికి సమాధికి తీసుకెళ్తామమ్మా... ఫ్లైటుకి వచ్చెయ్."

మా అబ్బాయి టికెట్ తీశాడు. "గంటా పావే మమ్మీ, పరేషాన్ గాకు."

మా యాప్రాల్ నుంచి ఎయిర్‌పోర్టుకే అంతకంటే ఎక్కువ పట్టింది. విమానంలో కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను... సగంలో ఉండగానే దిగుతున్నాం, బెల్టు పెట్టుకోమన్నారు.

అక్క కూతురు "పిన్నీ!" అంటూ నన్ను పట్టుకుని ఏడ్చింది. దాని వీపు నిమురుతూ నిలబడ్డాను. నాకేమీ రాలేదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తే ఆమెన్ అన్నాను.

వెనక ఎవరో అంటున్నారు, "సొంత చెల్లెలంట... కంట్లో తడి లేదు సూడు."

"ఊరుకోవే, విమానం దిగొచ్చింది కదా... పౌడరు చెరిగిపోద్ది."

నాకు కోపం కూడా రాలేదు.

రైల్లో వెళ్లుంటే అక్క మొహం చూడలేకపోయేదాన్ని. మా వాడు మంచే చేశాడు. దేవునికి స్తోత్రం.

నెల దాటింది. వంట చేస్తున్నాను, ఆదివారం చర్చికి వెళ్తున్నాను. అక్క నంబరు ఫోన్లో అలాగే ఉంది. ఏడుపు మాత్రం ఇంకా రాలేదు...

ఇప్పుడు అందరం టైముకు చేరుతున్నాం. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఎన్నాళ్లకు వచ్చింది? తెలిస్తే కాస్త చెప్పండి...