ఏ రాజుకు ఏ గుర్రం

గుర్రాల మామ పోయాడని ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. నేను ధర్మవరంలో మా ఇంటి వసారాలో మిషను ముందు కూర్చుని చీరకు అంచు కుడుతున్నాను. "నాయన లేడక్కా. నీళ్లు తాగిద్దామని లేపితే లేయలేదు" అంది. వెనక ఆడవాళ్ల ఏడుపు వినబడుతోంది. "మధ్యాన్నం నమాజు అయినాక తీసకపోతారంట. వస్తే రా" అని పెట్టేసింది.

దొరికిన రైలెక్కి హిందూపురం బయల్దేరాను. పెనుకొండ దగ్గర కొండ కనబడగానే కిటికీలోంచి ముఖం తిప్పుకున్నాను. ఆ కొండ కింద జరిగింది తలుచుకోకుండా మామను తలుచుకోవడం నాకు చేతకాదు.

ఆయన నాకు చుట్టం కాదు. మాది చీరల వ్యాపారం చేసే కోమట్ల ఇల్లు. ఆయన హిందూపురం స్టేషను ముందు జట్కా తోలిన సాయిబు కొడుకు. జట్కాలు పోయాక కూడా గుర్రాలను వదల్లేక, సినిమాలకూ టీవీ సీరియళ్లకూ గుర్రాలను ఏరి తెచ్చే పనిలో పడ్డాడు. రాజుల కథ తీసినా, పాళెగాళ్ల కథ తీసినా, తెల్లదొరల కథ తీసినా కంపెనీవాళ్లు ఆయనకు కబురు పెట్టేవాళ్లు. గుర్రాల మీద కప్పే పట్టుగుడ్డలు కుట్టించుకోవడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చాడు.

"కొలత ఒకటి చెప్పు మామా, అన్నీ కుట్టేస్తా. గుర్రమంటే గుర్రమే కదా" అన్నాను.

మామ నవ్వాడు. "మనుషులంతా ఒకటేనని ఊరందరికీ ఒకే రవిక కుడతావా పాపా?"

ఆ రోజు వసారాలో కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా గుర్రాల గురించి చెప్పాడు. విజయనగరం రాజు కింద ఉండాల్సింది ఓడ మీద వచ్చిన అరబీ గుర్రం. చిన్న తల, పైకెత్తిన తోక. అంత ఎత్తు కూడా ఉండదు. వెనక వచ్చే సిపాయిలకు మన దక్కను నాటు గుర్రాలు. పొట్టివి, గట్టివి. చెవుల కొనలు ఒకదానికొకటి తగిలేట్టు వంగి ఉంటే అది మార్వాడీది, రాజస్థాన్ కథలకు సరి. పొడుగు కాళ్ల రేసు గుర్రం ఇంగ్లీషువాళ్లు తర్వాత తయారు చేసుకున్నది కాబట్టి దొర కిందే ఉండాలి.

"కిరీటం పెడితే ఎవుడైనా రాజే పాపా. కింద గుర్రం అబద్ధమైతే కతంతా అబద్ధమే" అనేవాడు. చెప్పినంత ఖచ్చితంగా తనూ ఉండేవాడు కాదు. ఒకసారి గోల్కొండ సిపాయి కింద మార్వాడీ గుర్రాన్ని పెట్టాడు. టీవీలో చూసి నేను ఫోన్ చేస్తే, "చెవుల అందం సూసి మోసపోయినా లే, ఎవురికీ చెప్పద్దు" అని సిగ్గుపడ్డాడు.

కొత్త గుర్రం దగ్గరికి పోయేటప్పుడు చెప్పులు బయటే విడిచేవాడు. ముందు దాని మెడ మీద చెయ్యి వేసి తన ఊపిరి వాసన చూడనిచ్చేవాడు. ఆ తర్వాతే గిట్టలు చూసేవాడు. గుడ్డ కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు నన్నూ అలాగే నిలబెట్టాడు. "నువ్వు దాన్ని సూసేది సరే, అది నిన్ను సూడద్దా?" అన్నాడు. అన్నాళ్లుగా పట్టు తాకుతున్న నా చేతికి, ఆ మెడ కింద వెచ్చగా కొట్టుకునే నరం తగలడం అదే మొదలు.

కొన్నేళ్ల కిందట పెనుకొండ దగ్గర ఒక సీరియల్ తీశారు. కొండ కిందికి రాజు గుర్రం మీద దిగివచ్చే ఘట్టం. అరబీది దొరక్క మామ ముందు నాటు గుర్రాన్నే చూపించాడు. హీరో ఆజానుబాహుడు, కాళ్లు నేలకు తగిలేట్టున్నాయని పొడుగు గుర్రం అడిగారు. మామ కాదన్నాడు. ఆ నేలంతా రాళ్లు, కంకర, సన్నకాళ్లది నిలవదన్నాడు. కంపెనీవాళ్లూ సరేనన్నారు. కథ అక్కడితో అయిపోవలసింది.

ఆ వారమే వేరే పని మీద బెంగుళూరు వెళ్లి, పందేలు మానిపించిన ఒక నల్లటి ఆడగుర్రాన్ని చూశాడు. దాన్ని వెంటబెట్టుకునే తిరిగివచ్చాడు.

"ఇది ఆ కాలందే కాదని నువ్వే అంటివి కదా మామా" అన్నాను, దాని వీపు మీద పట్టుగుడ్డ సర్దుతూ.

"తెలుసు పాపా. అన్నీ తెలుసు." చేత్తో దాని మెడ నిమురుతూనే ఉన్నాడు. "ఇంత అందమైన దాన్ని నా బతుకులో సూడలేదు. ఒక్కసారి ఈ కొండ కింద పరిగెత్తేది సూడాలనుండాది. అంతే."

ఆయన దాని కోసం దారిలో రాళ్లు తనే ఏరాడు. మొదటిసారి అది చక్కగా దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మామ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. వెలుతురు బాగుందని ఇంకోసారి దింపమన్నారు. రెండోసారి కంకర మీద ముందుకాలు జారింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు నాదాకా వినిపించింది. హీరో దూరంగా పడి, దుమ్ము దులుపుకుని లేచాడు. గుర్రం లేవబోయి పడింది, మళ్లీ లేవబోయింది.

పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇక ఇంజెక్షను ఇవ్వడం తప్ప దారి లేదన్నాడు. మామ దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. "నేనే తెస్తినే నిన్ను. నేనే తెస్తినే" అని ఒకే మాట అంటున్నాడు. ఇంజెక్షను ఇచ్చాక కూడా దాని కళ్లు మూతపడలేదు. నేను కుట్టిన పట్టుగుడ్డ తీసి దాని మీద కప్పాడు.

పొద్దు వాలుతోందని, మిగిలిన షాటుకు వేరే గుర్రం కావాలని అడిగారు. మామ ఎవరి ముఖమూ చూడకుండా లేచి, ముందు చూపించిన నాటు గుర్రాన్నే తెచ్చి ఇచ్చాడు. అది అదే వాలు మీద, అదే కంకర మీద, ఒక్క అడుగు తడబడకుండా దిగివచ్చింది. దాన్ని చూస్తూ మామ కూలబడిపోయాడు. నల్లగుర్రం పడినప్పటికంటే అప్పుడే ఎక్కువ ఏడ్చాడు.

ఆ తర్వాత ఒక్కో గుర్రాన్నీ అమ్మేశాడు. ఎవరు పిలిచినా పోలేదు. కొన్నాళ్లకు పిలవడమూ మానేశారు. గుర్రాలను కంప్యూటర్లోనే చేస్తున్నారట. ఒక సాయంత్రం వాళ్లింటి టీవీలో ఏదో యుద్ధం సీను వస్తుంటే ఆయన పక్కన కూర్చున్నాను. తెర నిండా గుర్రాలే. "ఇది ఏ జాతి మామా?" అని మాట కలపబోయాను.

"ఏ జాతీ కాదు పాపా. అన్నీ ఒకటే గుర్రం. పడితే నొప్పి లేనిది." తెర వైపే చూస్తూ, "అదే మేలు లే" అన్నాడు. ఆ మాటలో ఊరట ఉందేమోనని వెతికాను. లేదు.

ఆ నాటు గుర్రాన్ని మాత్రం అమ్మలేదు. మందులకే డబ్బు చాలని ఇంట్లో దానికి గడ్డి వేస్తూ వచ్చాడు. కడసారి చూసినప్పుడు ఊపిరి అందక దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కిటికీలోంచి దాన్నే చూస్తున్నాడు. "నాకంటే అది ముందర పోతే బాగుండు" అన్నాడు. ఆయన పాదాలు ఒత్తాను. చల్లగా ఉన్నాయి.

నేను చేరేసరికి జనం వాకిలి నిండా ఉన్నారు. మగవాళ్లు మామను భుజాల మీద ఎత్తుకుని వీధి మలుపు తిరిగేదాకా ఆడవాళ్లం గడపలో నిలబడ్డాం. రెండు రోజులు ఆ అమ్మాయికి తోడుగా ఉండిపోయాను.

మూడోనాడు, ఇటుకల బండికి కట్టుకోవడానికి నాటు గుర్రాన్ని కొన్న బట్టీ అతను చిన్న లారీ తీసుకుని వచ్చాడు. మామ కూతురు నా చెయ్యి పట్టుకుంది. "అద్దె ఇల్లక్కా. మా ఇంటాయన ఆటో తోలి తెచ్చేది పిల్లోళ్లకే సాలదు. దీన్ని సాకేకి ఎవురూ ఒప్పుకోలేదు. ఏం సేయల్ల?" మగ్గాలతో నిండిపోయిన మా ఇల్లు కళ్ల ముందు మెదిలింది.

బట్టీ అతను లారీ వెనక ఎక్కే పలక వాల్చి, మొండికేస్తుందేమోనని తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకున్నాడు. అవసరం లేకపోయింది. దానికి తెలిసినంతవరకు లారీ వచ్చేది షూటింగుకే కదా. నాటు గుర్రం చెవులు నిక్కించి, ఎవరూ లాగకముందే, తనంతట తనే గబగబా పలక ఎక్కేసింది. లోపల ఇటుకపొడి మీద సర్దుకుని నిలబడి, షూటింగులకు పోయేటప్పుడు మామ ఎప్పుడూ కూర్చునే డ్రైవరు పక్క సీటు వైపు మెడ చాచింది.