ఎడమకు లాగిన జీపు

మాది పాకాల దగ్గర మామిడితోట. కాయలు మండీకి తోలే మా పాత ఫోర్‌వీల్ జీపును నాయన ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. పోయిన వేసవిలో అది ఎడమకు లాగుతోందని ఒకటే గొణుగుడు. చక్రాలను తిప్పే టై రాడ్లు, బేరింగులు మార్పించినా లాగుడు పోలేదు. ఒకరోజు నాయన తోలుతుంటే, రోడ్డు వారగా నడుస్తున్న ముసలమ్మకు వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది.

మర్నాడు మెకానిక్ చక్రాలన్నీ ఊపి చూసి, నన్ను పక్కకు పిలిచాడు. "బండిలో యాడా వదులు లేదమ్మా. ఒకసారి నువ్వు తోలి సూడు" అన్నాడు.

నాయనను పక్కన కూర్చోబెట్టుకుని చిత్తూరు రోడ్డెక్కాను. జీపు గీత గీసినట్టు నేరుగా పోయింది. నాయన ఒళ్లో ఆయన ఎడమచెయ్యి సన్నగా వణుకుతోంది. స్టీరింగ్‌ను కొంచెం ఎడమకు తిప్పి, "అవును నాయనా, లాగతా ఉండాది" అన్నాను.

ఆయన తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నాడు.

"నీ సెయ్యి సూసినాలేమ్మా" అన్నాడు.

డాక్టరు ఆయన చేతి జబ్బు పేరు చెప్పింది ఆ తర్వాతే. ఇప్పుడు జీపు నేనే తోలుతున్నాను. అది ఎటూ లాగదు. లాగితే బాగుండునని ఎక్కిన ప్రతిసారీ అనిపిస్తుంది.