సీలు చెదరని పెట్టెలు

మా బాబాయి ఉద్యోగం గురించి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇంకా రాని జబ్బుకి కాపలా. ఏదో ఒకనాడు అంటురోగం ముంచుకొస్తుందని సర్కారు ముందే కొని దాచిన మాస్కుల గిడ్డంగికి ఆయన స్టోర్ కీపరు. రాని చుట్టానికి పదకొండేళ్లుగా పక్క పరిచి కూర్చున్నాడని పిన్ని దెప్పేది.

ఏటా తనిఖీకి వచ్చే అధికారి పెట్టెల సీళ్లు చూసి, సంతకం పెట్టి వెళ్లేవాడు. సీలు తెగిన పెట్టె వాడేసినట్టే లెక్క. అందుకే లోపలి సరుకు ఎలా ఉందో ఎవరూ చూడలేదు. అదేం తెలివో నాకిప్పటికీ అర్థం కాదు. బాబాయి మాత్రం వారానికోసారి దుమ్ము తుడిచి, ఒక్క సీలూ చెదరలేదని మురిసిపోయేవాడు.

పోయిన వారం జ్వరం నిజంగానే వచ్చింది. దానికింకా పేరు కూడా పెట్టలేదు. మొదటి వార్డు తెరిచిన ఆసుపత్రిలోనే ఆయన ఒక్కగానొక్క కూతురు, మా చెల్లి, నర్సు. మొదటి లోడు అక్కడికే వెళ్లింది. లారీ తోలింది నేనే.

మర్నాడు రెండో లోడు ఎక్కిస్తుంటే ఒక పెట్టె జారిపడి పగిలింది. బాబాయి ఒక మాస్కు తీసి పెట్టుకోబోయాడు. చెవికి తగిలించే రబ్బరు పుటుక్కున తెగింది. ఇంకోటి తీశాడు. అదీ తెగింది. పది లాగాడు, పదీ అంతే. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

అధికారికి ఫోన్ చేస్తే వివరంగా ఉత్తరం రాయమన్నాడు. చేతులు కాలాక ఆకులకి అర్జీ పెట్టుకోమన్నట్టు. తర్వాత కూతురికి చేశాడు. నాలుగోసారికి ఎత్తింది.

"రబ్బర్లు తెగిపోతున్నాయి నాన్నా. పైన పట్టీ చుట్టి కట్టుకుంటున్నాం. పక్కల్లోంచి గాలి దూరుతోందని మావాళ్లు భయపడుతుంటే, మా నాన్న పంపినవే, ఏం కాదన్నాను."

"నువ్వు బయటికొచ్చెయ్ తల్లీ."

"నిన్నటినుంచీ లోపలే ఉన్నాను నాన్నా. ఇప్పుడొచ్చి ఏం లాభం?"

బాబాయి ఫోన్ జేబులో పెట్టుకుని, కత్తెర తెచ్చి, పదకొండేళ్లు కాపాడిన సీళ్లు ఒక్కొక్కటే తెంచడం మొదలుపెట్టాడు. ఒక్క పెట్టెలోనైనా తెగని రబ్బరు దొరక్కపోతుందా అని. ఆయన తెంచుతున్నాడు, నేను లాగి చూస్తున్నాను. ఇప్పటికి నలభై పెట్టెలయ్యాయి.