పిడికెడు మజ్జిగన్నం

మొన్న కంటి ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఫోను చేసి, మా వైద్యంతో సంతృప్తి చెందారా అని అడిగింది. కాస్త ఆలోచించి చెబుదామని నేను గొంతు సవరించుకునేలోపే ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. తొంభైకి దగ్గరపడినవాడికి గొంతు సవరించుకోవడానికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వొద్దూ! నవ్వొచ్చింది గానీ, సంతృప్తి అన్న ఆ మాట నన్ను యుద్ధకాలం నాటి తిరుపతికి, మా పెంకుటింటికి లాక్కుపోయింది.

మా నాయన విషజ్వరంతో పోయాడు. ఆ రోజుల్లో జ్వరమంటే లంఖణమే కదా, మీకు తెలియనిదేముంది. చివరి రెండు రోజులూ పిడికెడు మజ్జిగన్నం పెట్టమని అమ్మను బతిమాలుకున్నాడు, వైద్యుడు వద్దన్నాడని ఆమె పెట్టలేదు. ఆ తర్వాత ఎవరెంత సముదాయించినా, ఆయన్ని ఆకలితో పంపించినానే అన్న ఒక్క మాటే అమ్మ నోట వినబడేది.

ఏడాది తిరిగి తద్దినం వచ్చేసరికి బియ్యానికి రేషను. భోక్త తృప్తిగా తింటే మీ ఆయన తిన్నట్టేనని మేనమామ చెప్పిన మాట పట్టుకుని, అమ్మ నెల ముందు నుంచీ మాకు రాగిసంగటి పెడుతూ, వచ్చిన బియ్యం వచ్చినట్టే కుండలో దాచింది. ఆ రోజు నాయన స్థానంలో కూర్చున్న భోక్త తిరుచానూరు నుంచి నడిచివచ్చిన ఒక ముసలాయన. మా ఇంటి వాలకం చూసే కాబోలు, మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆకు మాత్రం కడిగినట్టుంది.

భోజనం చివర తృప్తి అయిందా అని కర్త అడగాలి, అయిందని భోక్త చెప్పాలి. ఒడుగై ఆర్నెల్లైనా కాని పదేళ్ళ కర్తను నేను. మామ నేర్పిన సంస్కృతం అప్పజెప్పాను, ఆయన తలవంచుకుని తృప్తోస్మి అన్నాడు. తలుపు వెనక అమ్మ ఊపిరి బిగబట్టి వింటోందని నాకు తెలుసు. ఏం బుద్ధి పుట్టిందో, మంత్రం పక్కనబెట్టి తెలుగులో అడిగేశాను.

"నిజంగా కడుపు నిండిందా తాతా?"

మామ కళ్ళెర్రజేశాడు. ముసలాయన తలెత్తి నావైపు చూశాడు.

"లేదు నాయనా. రోంత మజ్జిగన్నం ఉంటే పెట్టమను."

పిల్లలం మా కోసం తీసిపెట్టిన అన్నమంతా మజ్జిగ కలిపి అమ్మ తలుపు చాటు నుంచే అందించింది, మామ వడ్డించాడు. ఆయన మెల్లగా, ఒక్క మెతుకు వదలకుండా తిని, తలుపువైపు తిరిగి, ఇంక చాలమ్మా, నిండింది అన్నాడు. అమ్మ బావురుమంది. ఆ పూట మేం మళ్ళీ సంగటే తిన్నాం గానీ, ఆకలితో పంపించినాననే మాట మాత్రం ఆ తర్వాత ఆమె నోట నేను వినలేదు.

అమ్మ పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆమె తద్దినం ఇప్పుడు మఠంలో డబ్బు కట్టి పెట్టిస్తున్నాం, మడీ వంటా వడ్డనా అన్నీ వాళ్ళవే. నేను సంస్కృతంలో అడుగుతాను, సంస్కృతంలోనే జవాబు వస్తుంది. ఈసారైనా తెలుగులో అడుగుదామని ఏటా అనుకుంటాను, అడగలేను. అందరికీ వడ్డించి ఆఖరున కూర్చునే అమ్మను, బతికున్నన్నాళ్ళూ ఆ మాట నేను ఒక్కసారీ అడగలేదు మరి.